పరగడుపు ధ్రువపత్రం

తవిటయ్య కడుపు చాలా పద్ధతైన కడుపు. ఒక రోజు నొప్పి, ఒక రోజు సెలవు అనే పేచీలు దానికి లేవు. తెల్లవారుజామున ఐదింటికి ఆయన పని మొదలెడితే, ఆరున్నరకల్లా బొడ్డుకి పైన, రొమ్ముకి కింద, వేలు పెట్టి చూపించగలిగిన చోట మంట అందుకుంటుంది. పదిన్నరకి నాలుగు ఇడ్లీలు లోపల పడితే ఊరుకుంటుంది. ఏడాదిగా ఇదే వరస.

కిల్లి తవిటయ్యది టిఫిను బండి. జిల్లా పెద్దాసుపత్రి గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, పద్దెనిమిదేళ్ళుగా అదే చోటు. ఊరందరి కడుపులూ నింపేవాడికి ఖాళీ కడుపు నొప్పేమిటని నవ్వకండి. బండివాళ్ళకో ఆచారం ఉంది, బోణీ కాకుండా ముద్ద ముట్టరు. తవిటయ్య ఇంకో మెట్టు పైకెక్కి, ఆఖరి వాయి అమ్ముడయ్యేదాకా ముట్టడు. వచ్చిన మనిషికి అయిపోయాయని చెప్పాల్సి వస్తుందేమోనని ఆయన భయం. ఈలోగా ఆరు గ్లాసుల టీ తాగుతాడు. టీ తాగడం తినడం కాదు కదా. నిలబడి నిలబడి మోకాళ్ళు పీకుతాయి కనక రెండో గ్లాసుతో మందుల షాపువాడిచ్చిన పచ్చ బిళ్ళ ఒకటి, ఐదో గ్లాసుతో ఇంకొకటి వేసుకుంటాడు. ఈ సంగతులు నేను మీకు ముందే చెప్పేస్తున్నాను. ఆసుపత్రిలో మాత్రం చాలాకాలం దాకా ఎవరూ ఆయన్ని ఇవి అడగలేదు.

ఆయన భార్య దాలమ్మ ఏడాదంతా ఓర్చుకుంది. ఒకరోజు చట్నీ గరిటె కింద పెట్టి, "కూకుంటే లెగలేవు, లెగిస్తే కూకోలేవు. ఎదురుగుండా ఆసుపత్రి ఎట్టుకుని మనకేటీ బాధ? ఎల్లి సూపించుకో," అంది. తవిటయ్య పదకొండింటికి, బండి కట్టేసి, నాలుగు ఇడ్లీలు తిని, రోడ్డు దాటాడు.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ విరూపాక్షరావు కడుపు జబ్బుల నిపుణుడు. ఆ మధ్యనే రాజధానిలో వారం రోజులు నాణ్యత మీద శిక్షణ పొంది వచ్చాడు. అప్పటినుంచీ ఆయన మామూలుగా మాట్లాడడం మానేసి, అంతా సర్క్యులర్ చదివినట్టు మాట్లాడుతున్నాడు. తవిటయ్య పొట్ట నొక్కి నొప్పి ఉందా అన్నాడు. ఇప్పుడు లేదు, తిన్నాను కదా అన్నాడు తవిటయ్య. నొప్పి లేని రోగిని కడుపునొప్పి విభాగంలో చూచుటకు నిబంధనలు అంగీకరించవని డాక్టరుగారు వివరించాడు. నొప్పి ఆరున్నరకి వస్తుందని తవిటయ్య చెప్పాడు. ఓపీ తొమ్మిదిన్నరకి గదా, అప్పటిదాకా ఉంటుందా అని ఆయన అడిగాడు. తినకపోతే ఉంటుందని ఈయన అన్నాడు. "అయితే తినకండి" అని డాక్టరుగారు చీటీ మీద రాశాడు. ఆ జబ్బుకి ఆ ఆసుపత్రిలో జరిగిన మొదటి వైద్యం అదే.

చీటీ వెనక ఇంకో మాట కూడా ఉంది: ఎండోస్కోపీ, పరగడుపున రావలెను. ఎండోస్కోపీ అంటే గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, కడుపు లోపల ఏముందో తెర మీద చూడడం. ఆ యంత్రం ఆసుపత్రికి వచ్చి నాలుగు నెలలైంది. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాసి బొట్టు పెట్టారు. ఇంతవరకూ ఒక్క కడుపులోకీ దిగలేదు.

ఎందుకు దిగలేదో మర్నాడు తవిటయ్యకే తెలిసింది. బల్ల మీద పడుకోబెట్టి, నోరు తెరిపించి, గొట్టం దగ్గరికి తెచ్చి, ఏమన్నా తిన్నారా అని అడిగారు.

"నానేటీ తిన్నేదు బాబూ. టీ తాగినాను, అంతే."

గొట్టం వెనక్కి పెట్టేశారు. విరూపాక్షరావుగారు తల పట్టుకున్నాడు. నాలుగు నెలల్లో నలభై ఒక్క మందిని ఆ బల్ల మీద పడుకోబెడితే ముప్పై ఎనిమిది మంది ఏమీ తినలేదని ప్రమాణం చేసి, టీ మాత్రం తాగొచ్చారు. ఒకావిడ బిళ్ళ వేసుకోడానికి చెంబుడు అంబలి తాగింది. ఒకాయన ఉపవాసం కనక అరటిపళ్ళు తిన్నాడు. మిగిలిన ఒక్కడూ నిజంగానే ఏమీ తినలేదు, తాగలేదు. ఆ రోజు కరెంటు లేదు.

మూడు నెలల్లో రాష్ట్రం నుంచి పరిశీలన బృందం వస్తోంది. యంత్రం పనిచేయడం లేదంటే నాణ్యత ఏమైపోవాలి? మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది. ఇందుమూలముగా యావన్మంది రోగులకు తెలియజేయునది ఏమనగా, పరగడుపు అనునది రోగి నోటిమాట మీద ఆధారపడదగిన విషయము కానందున, ఇకమీదట పరగడుపు ధ్రువపత్రము లేనిదే ఎవరి కడుపులోనికీ గొట్టము దింపబడదు. ధ్రువీకరణాధికారిగా జనన మరణ నమోదు సీట్లో ఉన్న త్రినాథ పాణిగ్రాహిని వేశారు. ముప్పై ఏళ్ళుగా మనుషులు పుట్టారనీ పోయారనీ సర్టిఫై చేసినవాడికి మధ్యలో ఉండే కడుపు ఒక లెక్కా అని సూపరింటెండెంటు నమ్మకం.

పాణిగ్రాహి మంచివాడే. కాగితం విషయంలో మాత్రం దేవుణ్ణయినా రెండు ప్రతులు తెమ్మంటాడు. తవిటయ్య ధ్రువపత్రానికి వెళ్తే ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. దాలమ్మనీ, పక్క కొబ్బరిబొండాల బండివాణ్ణీ తీసుకొచ్చాడు. నిన్న సాయంత్రం నుంచీ ఈయన ఏమీ తినలేదు, ఈసారి టీ కూడా తాగలేదు, మేం కళ్ళారా చూశాం అన్నారు వాళ్ళు. పాణిగ్రాహి కళ్ళద్దాలు సర్దుకుని, మీరు చూసింది నోరు అన్నాడు. ధ్రువపత్రం కడుపుకి. కడుపు లోపల ఏమీ లేదని లోపల చూసినవాళ్ళు చెప్పాలి.

"లోపల సూడాలంటే గొట్టం దింపాల గదా బాబూ?"

"దింపాలి."

"దింపాలంటే?"

"ధ్రువపత్రం ఉండాలి," అన్నాడు పాణిగ్రాహి, మనిషి ఇంత త్వరగా అర్థం చేసుకున్నందుకు సంతోషించి.

ఈ చిక్కు సూపరింటెండెంటు దాకా వెళ్ళింది. ఆయన రెండు రోజులు ఆలోచించి పరిష్కారం కనుక్కున్నాడు. పైన ఖాళీగా ఉన్న హాల్లో పరగడుపు వార్డు తెరిచారు. రోగిని అందులో పెట్టి గేటు వేస్తే, లోపలికి ఏమీ పోవడం లేదని ఆసుపత్రే సాక్ష్యం చెబుతుంది. సెలైన్ మాత్రం ఎక్కించవచ్చు, అది చేతిలోంచి పోతుంది కనక కడుపు రికార్డు చెడదు. మూడు రోజులు మచ్చ లేకుండా గడిపినవాడికి పాణిగ్రాహి పత్రం ఇస్తాడు. గొట్టం వేసే డాక్టరు ఇంకో ఆసుపత్రి నుంచి మంగళవారం మాత్రం వస్తాడు. పత్రం గడువు ఒక్కరోజు. శుక్రవారం పత్రం వచ్చినవాడికి మంగళవారానికి అది చెల్లదు గనక మళ్ళీ మొదటినుంచీ పరగడుపు కట్టాలి. తవిటయ్యకి ఒకటో నెంబరు మంచం ఇచ్చారు. ఆయనకి పత్రం శుక్రవారం వచ్చింది, తర్వాతవీ మంగళవారాన్ని తప్పించుకునే వచ్చాయి.

మంచం కిటికీ పక్కనే. కిటికీలోంచి రోడ్డుకి అవతల తన బండే కనిపిస్తోంది. దాలమ్మ ఒక్కతే ఇడ్లీ పాత్ర దించుతోంది, చట్నీ పోస్తోంది, జనం మూగుతున్నారు. ఆవిరి లేచినప్పుడల్లా ఈయన కడుపులో మంట లేస్తోంది. పద్దెనిమిదేళ్ళు తన చేతులతో తీసిన ఇడ్లీ వాసనకి తనే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం తవిటయ్యకి సిగ్గుగా కూడా అనిపించింది.

రెండు వారాల్లో వార్డు నిండిపోయింది. చిత్రమేమిటంటే చేరినవాళ్ళందరికీ ఖాళీ కడుపు నొప్పి వచ్చింది. కాలు విరిగి, పొరపాటున ఆ వార్డులోకి వచ్చినవాడికీ వచ్చింది. రోగులకి ఆశ పుట్టకుండా కాపలా అటెండర్లని కూడా పరగడుపున ఉండమన్నారు, వాళ్ళకీ వచ్చింది. ధ్రువీకరించేవాడి నోటి దగ్గర తిండి వాసన ఉంటే రోగుల నోళ్ళు వాసన చూడడం కుదరదని పాణిగ్రాహిని మధ్యాహ్నం దాకా ఏమీ తినొద్దన్నారు. ఆయన స్టాంపు వేసేటప్పుడు ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోవడం మొదలెట్టాడు. నెల తిరిగేసరికి కేసులు రెండువందల పన్నెండు. ఖాళీ కడుపు నొప్పిలో మన జిల్లా రాష్ట్రంలోనే ప్రథమ స్థానంలో ఉందని విరూపాక్షరావుగారు సమావేశంలో ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత, ఇంత పెద్ద ఎత్తున నొప్పి ఎందుకొస్తోందో తెలుసుకోవాలి కదా అని ఎవరో గుర్తు చేశారు. కారణాల కమిటీ పుట్టింది.

కమిటీలో సూపరింటెండెంటు, ఇద్దరు పెద్ద డాక్టర్లు, గొట్టాలతో సంబంధం ఉంది గనక ఒక ఇంజనీరు, పాణిగ్రాహి. మినిట్స్ రాయడానికి హౌస్ సర్జన్ మెహరున్నీసాని కూర్చోబెట్టారు. చదువు ఈమధ్యనే పూర్తయిన పిల్ల, ఆసుపత్రిలో అందరికంటే చిన్నది. రోగి నెంబరు ఒకటి హోదాలో తవిటయ్యని సెలైన్ స్టాండుతో సహా పిలిపించారు.

పొద్దున్న పది నుంచీ చర్చ. నీళ్ళ వల్లా? ఇంజనీరు ఒప్పుకోలేదు. మంచాలు తూర్పుకి తిరిగి ఉండడం వల్లా? తిప్పి చూశారట, తగ్గలేదట. అప్పుడొక డాక్టరు గ్రాఫు తీశాడు. నొప్పి ఉదయం ఏడింటికి ఒక్కసారిగా పెరుగుతోంది. ఏడింటికే గేటు ఎదుట సాంబారు మరుగుతుంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. కారణం దొరికినందుకు అందరూ కుర్చీల్లో వెనక్కి వాలారు. సదరు సాంబారు బండిని తక్షణమే ఆ స్థలము నుండి తొలగించవలెనని తీర్మానం రాయమన్నారు.

తవిటయ్య సెలైన్ స్టాండు పట్టుకుని లేచాడు. కడుపు చూపించుకోడానికి వస్తే బండికే ఎసరు వచ్చింది. పద్దెనిమిదేళ్ళ చోటు. అక్కణ్ణించి లేపేస్తే తనూ దాలమ్మా ఎక్కడికి పోవాలి? అది నా బండే బాబూ అనబోయాడు గానీ, నెల రోజుల సెలైన్ మనిషికి గొంతు లేవలేదు.

మెహరున్నీసా రాయడం ఆపింది. తవిటయ్య వైపు తిరిగి, "తాతా, పొద్దున్నే లేచి ఏం చేస్తావు? మొదట్నించీ చెప్పు," అంది.

ఆయన చెప్పాడు. ఆరు గ్లాసుల టీ గురించి, ఆఖరి వాయి గురించి, పచ్చ బిళ్ళ గురించి. విరేచనం నల్లగా అవుతోందా, వాంతిలో రక్తం గానీ పడిందా, బండి దగ్గర ఉన్నప్పుడు ఎప్పుడన్నా బరువు తగ్గావా అని ఆ అమ్మాయి అడిగింది. లేదన్నాడు. చేరిన తర్వాతే తగ్గానన్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది.

"ఆ నొప్పుల బిళ్ళ ఖాళీ కడుపు గోడని తినేస్తోంది తాతా. అది మానెయ్, మోకాళ్ళకి వేరేది చూద్దాం. టీ కంటే ముందు ఏదో ఒకటి తిను. వేళకి తిను. ఈ నొప్పికి కారణమయ్యే క్రిమి ఒకటుంటుంది, అది ఉందేమో చిన్న పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఉంటే రెండు వారాలు మందులు. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు గొట్టం," అంది.

విరూపాక్షరావుగారు దయగా నవ్వాడు.

"అమ్మా, మీరు చెప్పినది కారణం. మనం అన్వేషిస్తున్నది కమిటీ నిర్ధారించిన కారణం. రెండింటికీ తేడా ఉంది. మీరు రాయండి."

నిర్ధారణ శాస్త్రీయంగా ఉండాలి కాబట్టి, నివేదిక పూర్తయ్యేదాకా సభ్యులందరూ పరగడుపున ఉండాలని ఆయనే ఆరోజు పొద్దున్న నియమం పెట్టాడు. నివేదికలో ముందుమాట దగ్గరే ఒంటిగంట అయింది. ఇంజనీరు మొదట వంగాడు. తర్వాత ఇద్దరు డాక్టర్లూ బల్ల మీద మోచేతులాన్చారు. పాణిగ్రాహి ఎలాగూ వంగే ఉన్నాడు. చివరికి సూపరింటెండెంటు కూడా బొడ్డుకి పైన, రొమ్ముకి కింద వేలు పెట్టి, ఇదేదో ఇక్కడ మండుతోందే అన్నాడు. ఆ చోటు చూసి తవిటయ్యకి ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది.

సరిగ్గా అప్పుడు దాలమ్మ వచ్చింది. బండి తీసేస్తారటని గేటు దగ్గర విని, పొద్దున్న బేరంలో మిగిలిన ఇడ్లీల కేరియరు అలాగే చేత్తో పట్టుకుని దెబ్బలాటకి వచ్చింది. కాపలా అటెండరు ఆపలేదు. వాడికి కేరియరు తప్ప ఏమీ కనబడలేదు. దాలమ్మ అనాల్సినవన్నీ అనేసి, కేరియరు బల్ల మీద పెట్టింది. ఎవరు ముందు చెయ్యి పెట్టారన్నది మినిట్స్‌లో లేదు. పావుగంటలో నాలుగు గిన్నెలూ ఖాళీ. ఇంకో పావుగంటకి ఐదుగురు సభ్యులూ నిటారుగా కూర్చున్నారు.

నొప్పి లేదు. ఒక్కరికీ లేదు.

తవిటయ్య కళ్ళు మెరిశాయి. ఇంకేముంది, తెలిసిపోయింది, ఇక అందరికీ ఇంత పెట్టి ఇంటికి పంపేస్తారనుకున్నాడు. విరూపాక్షరావుగారు లేచి నిలబడి, ఇది వైద్య చరిత్రలో ఒక మలుపు అన్నాడు. ఖాళీ కడుపు నొప్పికి ఇడ్లీ అమోఘమైన ఔషధమని కమిటీ తన శరీరాల మీదే నిరూపించింది. ఆ సాయంత్రానికే ఉత్తర్వులు తయారయ్యాయి. ఇడ్లీ మందుల జాబితాలో చేరింది. మోతాదు రెండు, ఉదయం ఒకసారి. మందు గనక డాక్టరు చీటీ కావాలి. చీటీ గొట్టం పరీక్ష అయినవాళ్ళకే రాస్తారు. గొట్టానికి పరగడుపు ధ్రువపత్రం కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంత శక్తివంతమైన మందు ఖాళీ కడుపున పడితే ప్రమాదం. అందువల్ల ఏదైనా తిన్న తరువాతనే దీనిని సేవించవలెను. వార్డులో ఇడ్లీ తప్ప ఇంకేదీ అనుమతి లేదని పక్క పేరాలో ఉంది. ఇక లైసెన్సు లేకుండా రోడ్డు పక్కన మందులమ్ముతున్న బండిని వెంటనే తొలగించాలి. మొదట సాంబారు వాసనకని తీయమన్న బండిని ఇప్పుడు ఇడ్లీ గొప్పతనానికని తీయమన్నారు.

మర్నాడు పొద్దున్న తవిటయ్య సెలైన్ సూది పీకించుకుని కిందకి దిగాడు. గేటు దగ్గర దాలమ్మ చేతిలోంచి ఒక ఇడ్లీ తీసుకుని, అటెండరు చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాడు. కేసు షీటులో "రోగి వైద్య సలహాకు విరుద్ధముగా భుజించి వెళ్ళినాడు" అని రాశారు. మెహరున్నీసా చెప్పిన చిన్న పరీక్ష కింద లేబొరేటరీలోనే అయింది. దానికి పరగడుపు అక్కర్లేదు గనక ఆసుపత్రిలో ఎవరికీ దాని మీద ఆసక్తి లేదు. క్రిమి ఉందని తేలింది. రెండు వారాల మందులు రాసిచ్చింది.

మందులు వేసుకోవడం తేలికే. టీ కంటే ముందు తినడమే కష్టమైంది. బోణీ కాకుండా ఎలా తినను అని తవిటయ్య మొండికేశాడు. దాలమ్మ మొదటి వాయి దించి, బండి చుట్టూ తిరిగి అవతలి పక్కన కొనేవాళ్ళలా నిలబడింది.

"ఓ పలేటు ఇడ్లీ ఎయ్యండి బాబూ," అంది.

ఆయన నవ్వుతూ వేశాడు. బోణీ అయింది. ఆ పలేటు తిరిగి ఆయన చేతికే ఇచ్చి, కూకుని తిను అంది. పద్దెనిమిదేళ్ళలో తవిటయ్య తన ఇడ్లీ వేడిగా తినడం అదే మొదలు. బాగుందే అని ఆశ్చర్యపోయాడు. నెల గడిచేసరికి ఆరున్నర వచ్చినా పొట్ట పలకడం మానేసింది.

కానీ బండి భయం పోలేదు. నోటీసు తయారవుతోందని రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. పరిశీలన బృందం వచ్చే ముందురోజు, ఏడింటికి, సాంబారు మరుగుతున్నప్పుడు, పాణిగ్రాహి రోడ్డు దాటి వచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో కాగితం, రెండో చెయ్యి పొట్ట మీద. మనిషి సగమయ్యాడు. కాగితం యజమానికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. బండి ముందు నిలబడి మొదలెట్టాడు. "ఇందుమూలముగా సదరు బండి యజమాని అయిన కిల్లి తవిటయ్య అను..." అంటూనే వంగిపోయి, బండి చక్రం పట్టుకున్నాడు.

దాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ కాగితంలో ఏముందో ఇద్దరికీ తెలుసు. తవిటయ్య పాణిగ్రాహి చెయ్యి ఎక్కడుందో చూశాడు. బొడ్డుకి పైన, రొమ్ముకి కింద.

"ఏటైనా తిన్నారా బాబూ?"

రెండు నెలలుగా పాణిగ్రాహి రోజుకి యాభై మందిని అడిగిన ప్రశ్న అది. తనని ఎవరూ అడగలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లేదు తవిటయ్యా," అన్నాడు.

స్టూలు వేసి కూర్చోబెట్టారు. నాలుగు ఇడ్లీలు, పైన సాంబారు. పాణిగ్రాహి అటూ ఇటూ చూసి, తల వంచుకుని తిన్నాడు. మధ్యలో ఒకసారి చట్నీ అడిగాడు. చెయ్యి కడుక్కుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, నోటీసు వెనక పద్ధతి ప్రకారం రాశాడు: "స్వయముగా వెళ్ళి విచారించితిని. సదరు యజమాని గానీ, సదరు బండి గానీ ఆ స్థలమున కనుపించలేదు." కింద సంతకం పెట్టి, తేదీ వేసి, తవిటయ్య చేతే కాగితం మీద పడ్డ సాంబారు చుక్క తుడిపించాడు.

నోటీసు అందజేయడానికి మూడుసార్లు ప్రయత్నించాలని రూలుందట. అప్పటికీ యజమాని కనబడకపోతే మళ్ళీ కొత్త నోటీసు తయారు చేసి మొదటినుంచీ రావాలట. రేపు ఇదే వేళకి వస్తానని చెప్పి లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, పెసరట్టు ఏ రోజు వేస్తారని అడిగాడు.